ఆరు వారాలు దాచుకున్న దురద

ఫిబ్రవరి మూడో వారంలో గజ్జల్లో దురద మొదలైనప్పుడు, హైదరాబాదులో ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నందువల్ల, అది చెమట వల్ల వచ్చినదేనని నేను ఏ అనుమానమూ లేకుండా నమ్మాను. కూకట్‌పల్లిలో మేము ముగ్గురం కలిసి అద్దెకుంటున్న గది పై అంతస్తులో, పడమటి ఎండ పడే వైపున ఉంది. రోజూ మూడు గంటలు బిగుతు ప్యాంటు వేసుకుని బస్సుల్లో తిరిగే మనిషికి గజ్జల్లో దురద పుట్టడం వింతేమీ కాదు. స్నానం చేసి పౌడరు చల్లుకుంటే రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. పగలు పనిలో పడితే మరిచిపోగలిగేంత కొద్దిగా ఉండే ఆ దురద, రాత్రి లైటు తీసి పడుకున్న తరువాత మాత్రం నిద్రలోంచి లేపి కూర్చోబెట్టేది.

అది గజ్జల్లోని వెంట్రుకలకు పట్టిన పేల వల్ల వచ్చిన దురద అని తెలియడానికి ఆరు వారాలు పట్టింది. తెలిసిన తరువాత మందు ఒంటి మీద ఉంచుకోవలసిన సమయం పది నిమిషాలు. ఆ ఆరు వారాలూ నా నోరు పెగలకపోవడం వల్లనే గడిచాయి కాబట్టి, ఏం జరిగిందో వరుసగా, దాచకుండా రాస్తున్నాను. ఇందులో మరో ఇద్దరి సొంత విషయాలు కలిసి ఉన్నందువల్ల పేర్లు మాత్రం రాయడం లేదు.

జనవరి చివర్లో ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్ళినప్పుడు, అంతకుముందే కొంత పరిచయమున్న ఒకామెతో ఒక రాత్రి గడిపాను. ఫిబ్రవరి రెండో వారంలో, ఇప్పుడు నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయితో స్నేహం ప్రేమగా మారింది. ఇద్దరితోనూ కండోమ్ వాడాను. వాడాను కాబట్టే ఏదైనా అంటుకుని ఉండవచ్చన్న ఆలోచన నాకు రానే లేదు. కండోమ్ హెచ్‌ఐవీని, సుఖవ్యాధుల్లో చాలావాటిని అడ్డుకుంటుంది. ఈ పేలు ఉండేది మాత్రం కండోమ్ కప్పని చోట, వెంట్రుకల్లో. రెండు ఒళ్ళు దగ్గరగా ఆనినప్పుడు ఒకరి వెంట్రుకల మీద నుంచి మరొకరి వెంట్రుకల మీదికి అవి పాకుతాయి. పాఠశాలలో గానీ, ఆ తరువాత గానీ ఈ మాట నాతో ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

మార్చి మొదటి వారంలో మా వీధి చివరి మందుల షాపుకు వెళ్ళాను. అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళంతా వెళ్ళేదాకా జ్వరం మాత్రల డబ్బాలు చూస్తున్నట్టు పక్కన నిలుచుని, చివరికి కౌంటరు వెనకనున్న కుర్రవాడితో “తొడల దగ్గర దురదగా ఉందండీ” అని మాత్రం అనగలిగాను. “తామర అన్నా, ఎండాకాలం అందరికీ ఉంటది” అంటూ అతను ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టాడు. రాసుకున్న రెండో రోజుకే దురద సగం తగ్గింది, నాకు ప్రాణం లేచి వచ్చింది. నాలుగు రోజులు ఆపితే మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశాను. అలా మూడు వారాలు గడిచాయి. తామర మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ కలిపిన ఆయింట్‌మెంట్ అది. స్టెరాయిడ్ దురదను అణచిపెడుతుందే తప్ప పేనును ఏమీ చేయదు. పైగా అంత పలచని చోట వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడి, ఎర్రబడి, మంట పుడుతుంది. నాకు అదే జరిగింది. వైద్యుడి చీటీ లేకుండా అలాంటి మందు ఇచ్చిన కుర్రవాడి తప్పు ఉంది, నిజమే. కానీ అతనికి నేను చెప్పినది సగం మాటే, చూపించినది ఏమీ లేదు.

ఈ మధ్యలో కనబడిన గుర్తులను ఇప్పుడు తలచుకుంటే అన్నీ స్పష్టంగానే ఉన్నాయి. ఉతకడానికి తీసిన లోదుస్తుల లోపలి వైపు, మిరియాల పొడి రాలినట్టు సన్నని నల్లని నలుసులు ఉండేవి. అక్కడక్కడ తుప్పు రంగు చుక్కలు కూడా ఉండేవి. నలుసులు బస్సు దుమ్మనీ, చుక్కలు గోకడం వల్ల వచ్చిన నెత్తురనీ అనుకున్నాను. చుక్కల సంగతి కొంతవరకు నిజమే గానీ, నలుసులు పేల మలం. తొడల లోపలి వైపు, పొత్తికడుపు మీద గోరంత పరిమాణంలో నీలిబూడిద రంగు మచ్చలు కనిపించాయి. నొక్కితే నొప్పి లేదు, దురదా లేదు. ఎక్కడో తగిలి కమిలినట్టుందని ఊరుకున్నాను. పేను కుట్టిన చోట దాని లాలాజలం వల్ల అలాంటి మచ్చలు ఏర్పడతాయని తరువాత డాక్టరు గారు చెప్పారు. అవి అందరిలోనూ కనబడవు. కనబడితే మాత్రం ఈ పేలను అనుమానించడానికి మంచి ఆధారం.

ఏప్రిల్ మొదటి శనివారం, గదిలో ఎవరూ లేని సమయం చూసుకుని, ట్యూబులైటు కింద అద్దం పెట్టుకుని మొదటిసారి నింపాదిగా పరీక్షించుకున్నాను. ఒక వెంట్రుక మొదట్లో చర్మానికి అతుక్కుని గోధుమ రంగు పొక్కు లాంటిది ఉంది. గోకినప్పుడు గట్టిన చెక్కు అనుకుని గోటితో తీయబోతే రాలేదు. గోరు అడుగున దూర్చి లాగితే వెంట్రుకతో పాటు ఊడి వచ్చింది. తెల్ల కాగితం మీద పెట్టి, ఫోను కెమెరాను దగ్గరగా తెచ్చి పెద్దది చేసి చూశాను. ఆవగింజ కన్నా చిన్నది, వెడల్పుగా, బల్లపరుపుగా ఉంది. కొద్ది సేపటికి దాని కాళ్ళు కదిలాయి. ముందు రెండు కాళ్ళు సన్నగా ఉన్నాయి. వెనకనున్న నాలుగూ లావుగా, కొసన కొక్కేల్లా వంగి, అచ్చం పీత డెక్కల్లా ఉన్నాయి. ఆ కొక్కేల్లో ఒకటి ఊడి వచ్చిన వెంట్రుకను ఇంకా పట్టుకునే ఉంది. మళ్ళీ అద్దంలో చూస్తే, వెంట్రుకల మొదళ్ళకు కాస్త పైన, తెల్లగా గసగసాల కన్నా చిన్నవి అంటుకుని ఉన్నాయి. చిన్నప్పుడు అమ్మ చెల్లి తల దువ్వుతూ గోళ్ళతో లాగే ఈపులు ఎలా ఉండేవో, ఇవీ అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం నేను చేసిన పని మొత్తం గొరిగేసుకోవడం. దాంతో పీడ విరగడైందనుకున్నాను. స్టెరాయిడ్ వల్ల పలచబడిన చర్మం మీద బ్లేడు పడి రెండు చోట్ల తెగింది, మర్నాటికి ఒక చోట చీము పట్టింది. దురద మాత్రం పోలేదు. తొడల మీద, బొడ్డు కింద, ఛాతీ మీద వెంట్రుకలు ఉండగా గజ్జల్లో మాత్రమే గొరిగితే, పేలు పక్కకు జరిగి బతుకుతాయి. వెంట్రుకలు తీసేస్తే వాటికి పట్టు తగ్గే మాట వాస్తవమే, కానీ గొరగడం ఒక్కటే వైద్యం కాదు. వైద్యానికి గొరగడం తప్పనిసరి కూడా కాదు.

సోమవారం సెలవు పెట్టి చర్మవ్యాధుల నిపుణుడి దగ్గరకు వెళ్ళాను. “చెప్పుకోలేని చోట దెబ్బ” అని మనవాళ్ళు ఊరికే అనలేదు. టోకెన్ రాసే అమ్మాయి సమస్య ఏమిటని అడిగితే “అలర్జీ” అన్నాను. లోపల డాక్టరు గారు పెద్దాయన. “ఎన్నాళ్ళ నుంచి బాబూ?” అన్నారు. ఆరు వారాలన్నాను. “ఇన్నాళ్ళూ ఏం రాశారు?” అని అడిగితే జేబులోంచి ఆ ట్యూబు తీసి ఇచ్చాను. ఆయన దాని వెనక వైపు చదివి, ఏమీ అనకుండా బల్ల మీద ఒక పక్కన పెట్టారు. ఫోనులో తీసిన ఫొటో చూపించేసరికి ఆయన ముఖంలో కనిపించినది ఆశ్చర్యమూ కాదు, అసహ్యమూ కాదు. “మంచి పని చేశారు, దొరకబుచ్చుకుని తెచ్చారు” అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు మిగతావన్నీ చెప్పే ధైర్యం వచ్చింది.

ఆయన లైటు వెలిగే చిన్న భూతద్దంతో గజ్జలు మాత్రమే చూసి ఊరుకోలేదు. తొడలు, పొట్ట, ఛాతీ, చంకలు, గడ్డం, కనుబొమలు, చివరకు కనురెప్పల వెంట్రుకలు కూడా చూశారు. ఈ పేను దట్టంగా, సన్నగా ఉండే తల వెంట్రుకల్లో సాధారణంగా ఉండదట. దాని డెక్కలు లావుగా, ఎడంగా ఉండే వెంట్రుకలకు సరిపోయేటట్టు ఉంటాయి. తలపేను, చీరపేను దగ్గరి చుట్టాలు. ఇది వేరే జాతి. నేను తరువాత చదివినదాన్ని బట్టి, దీనికి అసలైన దగ్గరి చుట్టం గొరిల్లాల ఒంటి మీద బతికే పేను. ఆ రెండింటి జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, అవి సుమారు 33 లక్షల ఏళ్ళ క్రితం విడిపోయి ఉంటాయని 2007లో ప్రకటించారు. రోజుకు రెండు సార్లు స్నానం చేసే నాకు ఇది ఎలా పట్టిందని కుమిలిపోతున్న సమయంలో ఆ సంగతి నాకు ఎంతో ఊరట ఇచ్చింది. మనిషి మనిషి కాక ముందు నుంచీ వెంట ఉన్న పురుగు అది. శుభ్రంగా ఉన్నామా లేదా అన్నదానితో దానికి పని లేదు.

జనవరిలో అంటుకున్నది ఫిబ్రవరి మూడో వారం దాకా ఎందుకు తెలియలేదని అడిగాను. దురద పుట్టేది పేను కొరకడం వల్ల కంటే దాని లాలాజలం మన ఒంటికి పడకపోవడం వల్లనట. మొదటిసారి పట్టినవారిలో ఆ పడకపోవడం మొదలు కావడానికే రోజులు, వారాలు పడుతుంది. ఆ లోగా అవి పెరుగుతుంటాయి. ఆడపేను మూడు నాలుగు వారాల జీవితంలో సుమారు 30 గుడ్లు పెడుతుంది. గుడ్డు 6 నుంచి 10 రోజుల్లో పగులుతుంది. పిల్ల పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టడానికి మరో రెండు మూడు వారాలు కావాలి. అంటే నాకు దురద తెలిసే నాటికే నా ఒంటి మీద రెండో తరం తయారవుతోందన్నమాట. చికిత్సలో ఎన్నో రోజున ఏం చేయాలన్నది కూడా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి దీన్ని ఇంత వివరంగా రాశాను.

ఆయన రాసినది 1 శాతం పర్మెత్రిన్ మందు. గజ్జికి రాత్రంతా ఉంచుకునే 5 శాతం క్రీము ఒకటి ఉంది. రెండింటినీ కలగాపులగం చేసుకోవద్దని మరీ మరీ చెప్పారు. స్నానం చేసి, తువ్వాలుతో ఒత్తి ఆరబెట్టుకుని, వెంట్రుకలన్నీ తడిసేలా మందు పట్టించి, గడియారం చూసి పది నిమిషాలు ఉంచి, కడిగేసి, ఉతికిన బట్టలు వేసుకోవాలి. ఆ తరువాత సన్నపళ్ళ దువ్వెనతోనో గోళ్ళతోనో ఈపులను లాగేయాలి. 9వ, 10వ రోజుల్లో మళ్ళీ పరీక్షించుకుని, బతికి ఉన్న పేను కనబడితే రెండోసారి మందు పెట్టాలి. గుడ్లలో మందుకు చావనివి కొన్ని ఉంటే, అవి పగిలి పిల్లలై, ఇంకా గుడ్లు పెట్టే వయసు రాకముందే దొరికిపోవాలన్నది ఇందులోని కిటుకు. చీము పట్టిన చోటికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, రాత్రి దురదకు ఒక అలర్జీ మాత్ర రాశారు. ఈ మందు పని చేయకపోతే మాలథియాన్ లోషన్ గానీ, బరువును బట్టి ఐవర్‌మెక్టిన్ మాత్రలు గానీ ఉన్నాయని చెప్పారు. ఆ మాత్రలు గర్భిణులకూ చిన్న పిల్లలకూ ఇవ్వరట.

మా నాయనమ్మ కాలంలో పేలకు గమేక్సిన్ పొడి చల్లుకుని గుడ్డ చుట్టుకునేవారని విన్నాను, అది పనికొస్తుందా అని అడిగాను. ఆయన గట్టిగా తల అడ్డంగా ఊపారు. గమేక్సిన్‌లో ఉన్నదే లిండేన్ అనే పురుగుల మందు. అది చర్మం గుండా నరాల మీదికి పోయి మూర్ఛలు తెప్పించగలదు. అమెరికాలో 2003లోనే దాని మీద అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రించేలా చేశారు. కిరోసిన్ సంగతి అడగకముందే ఆయనే ఎత్తి, ఒళ్ళు కాలిన ఇద్దరిని చూశానని చెప్పారు. ఇప్పటికీ ఊళ్ళలో ఈ రెండింటినీ ఇంటి వైద్యంగా చెప్పేవారు ఉన్నారు. దయచేసి ఎవరూ వినవద్దు.

కనురెప్పలకు పడితే మాత్రం ఈ మందు ఏదీ కళ్ళ దగ్గర వాడకూడదు. కంటికి వాడదగిన మెత్తటి పెట్రోలియం లేపనాన్ని కంటి డాక్టరు సలహాతో రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు, ఎనిమిది పది రోజులు రాస్తే పేలు ఊపిరాడక చస్తాయి. చిన్న పిల్లల కనురెప్పలకు ఇవి కనబడితే ఇంట్లో దాచిపెట్టవద్దని ఆయన గొంతు తగ్గించి చెప్పారు. ఒకే పక్క మీద పడుకునే తల్లిదండ్రుల నుంచి అంటి ఉండవచ్చు. ఆ బిడ్డ మీద ఎవరైనా అఘాయిత్యం చేసి ఉండటానికీ వీలుంది. అందుకే డాక్టరు చూసి తీరాలి.

ఆ రాత్రే మందు పెట్టుకున్నాను. పక్కబట్టల పని దానికన్నా ఎక్కువ సమయం తీసుకుంది. గత రెండు మూడు రోజుల్లో ఒంటికి తగిలిన దుప్పట్లు, తువ్వాళ్ళు, లోదుస్తులు, లుంగీలు 54 డిగ్రీలకు పైన వేడి ఉన్న నీళ్ళలో ఉతకాలి. మా వాషింగ్ మెషీన్‌లో వేడి నీళ్ళ సదుపాయం లేదు. బకెట్‌లో హీటర్ పెట్టి, నీళ్ళు పొగలు కక్కేదాకా కాచి, అందులో ముంచి నానబెట్టి ఉతికి, మర్నాడు డాబా మీద ఏప్రిల్ ఎండలో పరిచాను. ఉతకడానికి వీలు కాని ఉన్ని రగ్గును ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి రెండు వారాలు అటక మీద పెట్టాను. మనిషి రక్తం దొరకకపోతే ఈ పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు. గుడ్లు పగలడానికి పట్టే రోజులను కూడా కలుపుకుని రెండు వారాలు. గది మొత్తానికి పురుగుల మందు కొట్టించాల్సిన అవసరం లేదు.

గదిలోని మిత్రులకు చెప్పాలా అన్నది నన్ను చాలా వేధించింది. వాళ్ళలో ఒకడు నేను లేనప్పుడు అప్పుడప్పుడు నా పరుపు మీద పడుకునేవాడు. అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను కాసేపు నేల చూసి, “బాత్రూమ్ ఒకటే కదరా, దాని వల్ల అంటదా?” అని అడిగాడు. నేనూ అదే ప్రశ్న డాక్టరు గారిని అడిగి ఉన్నాను కాబట్టి జవాబు చెప్పగలిగాను. ఆ డెక్కలు వెంట్రుకను పట్టుకోవడానికే గానీ నున్నటి కమోడ్ మీద పాకడానికి పనికిరావు. అవి ఎగరవు, దూకవు. కుక్కలు, పిల్లుల నుంచి రావు. పక్కబట్టలు, తువ్వాళ్ళు పంచుకుంటే మాత్రం అప్పుడప్పుడు రావచ్చు. అతను తనను తాను పరీక్షించుకుని, ఏమీ లేదని ఆ రాత్రే చెప్పాడు. ఆ తరువాత ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. అందుకు నేను అతనికి రుణపడి ఉన్నాను.

నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయికి చెప్పడం మాత్రం అంత తేలిక కాలేదు. గత మూడు నెలల్లో సంబంధం ఉన్నవారందరికీ చెప్పాలనీ, వాళ్ళు కూడా చికిత్స చేసుకుని ఇద్దరూ బాగయ్యారని తేలేదాకా దూరంగా ఉండాలనీ, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరిగి అంటుతూనే ఉంటుందనీ డాక్టరు గారు చీటీ వెనక రాసి మరీ ఇచ్చారు. సోమవారం రాత్రి ఫోన్ చేశాను. తప్పించుకునే మాటలు వెతుక్కోకుండా, పేల సంగతీ, బెంగళూరు సంగతీ రెండూ చెప్పాను. చాలాసేపు అటు నుంచి మాట లేదు. తరువాత “నీకెప్పుడు తెలిసింది?” అంది. శనివారం అన్నాను. “నాకు పది రోజుల నుంచి ఉంది. నీతో ఎలా చెప్పాలో తెలియక నేనే ఏదో తెచ్చుకున్నాననుకుని ఏడుస్తున్నాను” అంది. నేను ఎవరికీ చెప్పుకోలేక నోరు మూసుకున్న రోజుల్లోనే, ఆమె కూడా తన గదిలో నన్ను పిలవలేక కూర్చుని ఉంది.

మర్నాడు ఆమె ఒక లేడీ డాక్టరు దగ్గరకు వెళ్ళింది. అక్కడ నలుగురి ముందే “పెళ్ళయిందా?” అని అడిగారు. కాలేదని చెప్పేసరికి ఆ డాక్టరమ్మ ముఖం మారిపోయి, తల్లిదండ్రులను తీసుకుని రమ్మన్నారట. ఆమె లేచి వచ్చేసింది. అప్పటికి ఆమె వయసు 27, సొంత సంపాదన మీద బతుకుతున్న మనిషి. పేలకు మందు రాయడానికి పెళ్ళితో ఏం పని? అదే సాయంత్రం ఇంకొక చోటికి వెళితే, ఆ డాక్టరు తలుపు వేసి, గర్భం ఉందా అన్న ఒక్క ప్రశ్న అడిగి, అదీ మందును నిర్ణయించడానికేనని వివరించి, అదే పర్మెత్రిన్ రాశారు. గర్భిణులకు కూడా అది వాడవచ్చట. బెంగళూరులోని ఆమెకు కూడా ఫోన్ చేశాను. తను వేడి వల్ల వచ్చిన దురద అనుకుని పౌడరు వాడుతున్నానని చెప్పి, చూపించుకుంటానంది.

మందు పెట్టుకున్న మూడో రోజున దురద మళ్ళీ గట్టిగా వచ్చింది. భయపడి ఇంకోసారి పట్టించడానికి సీసా చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో ఆగి డాక్టరు గారికి ఫోన్ చేశాను. పేలు చచ్చినా ఒంటి అలర్జీ వెంటనే తగ్గదనీ, వారం పది రోజులు దురద ఉండవచ్చనీ, బతికున్న పేను కనబడితేనే మందు మళ్ళీ వాడాలనీ, ఊరికే వాడితే మందు వల్లనే చర్మం మండుతుందనీ చెప్పారు. తొమ్మిదో రోజు ట్యూబులైటు కింద మళ్ళీ చూసుకున్నాను. కింద ఎక్కడా ఏమీ లేదు. ఎడమ చంకలో మాత్రం ఒకటి, కదులుతున్నది, దొరికింది. మొదటి రాత్రి చంకల్లోనూ ఛాతీకీ మందు పెట్టుకోలేదు. డాక్టరు గారు అన్ని చోట్లా వెతకడం నేను కళ్ళారా చూశాను గానీ, పేలు ఉన్నది కిందే కదా అనుకున్నాను. రెండోసారి ఛాతీ నుంచి మోకాళ్ళ దాకా ఒక్క చోటు వదలకుండా పట్టించాను. మరో పది రోజులకు ఆయన భూతద్దంతో చూసి, మిగిలినవి ఖాళీ ఈపులేనని చెప్పారు. వెంట్రుకలు పెరుగుతున్న కొద్దీ అవి చర్మానికి దూరంగా జరిగి కనిపించాయి. చర్మానికి ఆనుకుని కొత్తవి పుట్టలేదు.

మొదటి రోజే ఆయన ఇంకొక మాట చెప్పి ఉన్నారు. ఈ పేలు ఏ రోగాన్నీ మోసుకుని రావు, కానీ అవి వచ్చిన దారిలోనే మరికొన్ని రాగలవు కాబట్టి హెచ్‌ఐవీ, సిఫిలిస్ వంటి పరీక్షలు చేయించుకోవాలన్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అన్న పేరుతో సుఖవ్యాధులకు చికిత్స చేసే చోట్లు ఉన్నాయి. హెచ్‌ఐవీ పరీక్షకు ఐసీటీసీ అనే కేంద్రం ఉంటుంది. రెండూ ఉచితం. కేంద్రంలో కౌన్సెలర్ మేడమ్ నన్ను విడిగా కూర్చోబెట్టి, పరీక్ష ఎందుకో, ఫలితం ఏదైతే ఏమిటో వివరించి, నా అంగీకారం తీసుకున్న తరువాతే రక్తం తీయించారు. నా అంగీకారం లేకుండా ఫలితం ఇతరులకు చెప్పరు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం, కొన్ని మినహాయింపులు తప్ప, అలా చెప్పడాన్ని నిషేధించింది. వెళ్ళడానికి జంకేవారు 1097 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి ముందు మాట్లాడవచ్చు. నాకు అన్నీ నెగటివ్ వచ్చాయి. జనవరి నుంచి అప్పటికి మూడు నెలలు నిండలేదు కాబట్టి, మే నెలలో మళ్ళీ రమ్మన్నారు.

ఈ మూడు నెలల్లో మా అలవాట్లు కొన్ని మారాయి. నా గదిలో నా తువ్వాలు నా మేకుకే వేలాడుతుంది. కండోమ్ వాడటం మానలేదు, ఎందుకంటే అది పేలను ఆపకపోయినా ఆపేవి ఇంకా చాలా ఉన్నాయి. దురద గానీ, మచ్చ గానీ కనబడితే అదే రోజు ఒకరికొకరం చెప్పుకోవాలని ఒక మాట అనుకున్నాం. ఆమె నన్ను వెంటనే క్షమించలేదు. ఏప్రిల్ అంతా మేము ఫోనులోనే మాట్లాడుకున్నాం, అదీ పొడిపొడిగా.

మే రెండో వారంలో పరీక్షకు ఆమె కూడా వచ్చింది. ఐసీటీసీ ముందు బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పేర్లకు బదులు నంబర్లు పిలుస్తున్నారు, ఆమె నంబరు ముందు వచ్చింది. ఇద్దరికీ నెగటివ్. తిరిగి వస్తూ మూసాపేటలో దిగి రెండు తువ్వాళ్ళు కొన్నాం. ఆకుపచ్చది ఆమె తీసుకుంది, నీలం అంచుది నాకిచ్చింది.